ఇంటి షెడ్డులో స్పోర్ట్స్ కారు

లోకాస్ట్ అనేది ఇంటి షెడ్డులో, పాత కారు విడిభాగాలతో ఎవరికి వారు కట్టుకునే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. దానికి షోరూమూ లేదు, తయారీ కంపెనీ కూడా లేదు. చదరపు ఉక్కు గొట్టాలు కోసి వెల్డింగ్ చేసిన చట్రం, తుక్కు కింద పోవాల్సిన కారు నుంచి విప్పి తెచ్చిన ఇంజను, గేర్‌బాక్స్, వెనుక ఇరుసు, పైన పల్చటి అల్యూమినియం రేకు. స్థూలంగా ఇదీ దాని స్వరూపం. ఇంగ్లండ్‌లోని ఔండల్ స్కూల్లో ఉపాధ్యాయుడిగా పనిచేసిన రాన్ ఛాంపియన్ రాసిన పుస్తకాన్ని 1996లో హేన్స్ సంస్థ ప్రచురించడంతో ఈ కారు జనంలోకి వచ్చింది. 250 పౌండ్లకే సొంత స్పోర్ట్స్ కారు కట్టుకోవచ్చన్న మాట ఆ పుస్తకం అట్ట మీదే ఉంటుంది. గొట్టాల కొలతలు, ఏ ముక్క ఎక్కడ అతకాలో చూపే బొమ్మలు అన్నీ అందులో ఇచ్చారు. దాంతో మోటారు పరిశ్రమతో సంబంధం లేనివాళ్లు కూడా సాహసించి పనిలోకి దిగారు.

లోటస్ సెవెన్ వారసత్వం

ఈ కారు రూపం కొత్తది కాదు, లోటస్ సెవెన్ అనే పాత స్పోర్ట్స్ కారుదే. లోటస్ కంపెనీని స్థాపించిన కాలిన్ చాప్‌మన్ తన మొదటి కారును కూడా ఇలాగే కట్టాడు. 1948లో పాత ఆస్టిన్ సెవెన్ కారు ఒకటి తీసుకుని, లండన్‌లోని చిన్న షెడ్డులో దాన్ని పోటీ కారుగా మార్చాడు. 1957లో ఆయన కంపెనీ విడుదల చేసిన లోటస్ సెవెన్‌లో అలంకారం అన్న మాటే లేదు. తలుపులు లేవు, గట్టి పైకప్పు లేదు, ముందు చక్రాలు బాడీకి బయటే ఉంటాయి. తొలి నమూనాల్లో ఫోర్డ్ వారి 1172 సీసీ సాదాసీదా ఇంజను ఉండేది. దాని శక్తి సుమారు 40 హార్స్‌పవరే. అయినా కారు బాగా తేలిక కావడంతో మలుపుల్లో తనకంటే ఎంతో ఖరీదైన కార్లకు దీటుగా నిలిచేది.

సెవెన్‌ను చాలామంది విడిభాగాల పెట్టెగానే కొనేవారు. అందుకు కారణం పన్ను. అప్పట్లో బ్రిటన్‌లో పూర్తిగా తయారైన కారు మీద కొనుగోలు పన్ను భారీగా ఉండేది, విడిభాగాలుగా కొంటే అది తప్పేది. అలా అమ్మే పెట్టెతో పాటు బిగింపు సూచనలు ఇవ్వకూడదన్న నిబంధన ఉంటే, లోటస్ వాళ్లు విప్పే పద్ధతి రాసి ఇచ్చి, దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకోమన్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. 1973లో కొనుగోలు పన్ను పోయి దాని స్థానంలో వ్యాట్ వచ్చాక ఈ వెసులుబాటు తీరిపోయింది. సెవెన్ తయారీ హక్కులు అదే ఏడాది కేటర్‌హామ్ సంస్థ చేతికి వచ్చాయి. ఆ సంస్థ ఇప్పటికీ సెవెన్ కార్లను తయారు చేస్తోంది, కిట్లుగానూ అమ్ముతోంది. అయితే వాటి ధర సామాన్యుడికి అందేది కాదు. అదే ఆకృతిని, అదే సూత్రాన్ని పాత ఇనుము ధరకు దింపడమే ఛాంపియన్ చేసిన పని.

బరువే అసలు లెక్క

చవక కారు స్పోర్ట్స్ కారుగా ఎలా పనికొస్తుందన్న ప్రశ్నకు జవాబు ఒక చిన్న భాగహారంలో ఉంది. కారు ఎంత చురుగ్గా పరుగందుకుంటుందన్నది ఇంజను శక్తి ఒక్కదాని మీదే కాక, ఆ శక్తి ఎంత బరువును మోయాలన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. 85 హార్స్‌పవర్ ఇంజను 900 కిలోల కారులో ఉంటే టన్నుకు 94 హార్స్‌పవర్ దక్కుతుంది. అదే ఇంజనును 550 కిలోల లోకాస్ట్‌లో పెడితే టన్నుకు దాదాపు 155 దక్కుతుంది. ఇంజను మీద పైసా ఖర్చు పెట్టకుండానే లెక్కలో అరవై శాతానికి పైగా లాభం.

తేలికదనం వల్ల కలిగే మేలు పరుగుతోనే ఆగదు. బ్రేకులు ఆపాల్సిన బరువు తగ్గుతుంది. మలుపులో టైర్ల మీద పడే భారం తగ్గుతుంది. చిన్న టైర్లు, చిన్న బ్రేకులు, మెత్తటి స్ప్రింగులు సరిపోతాయి. అవి చిన్నవి కావడంతో బరువు ఇంకొంత తగ్గుతుంది. అందుకే ఈ కార్లు కట్టేవారు తలుపులు, అద్దాల మోటార్లు, ఏసీ, కార్పెట్ వంటివన్నీ వదిలేస్తారు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపయితే నిరోధం నాలుగింతలవుతుంది. నిటారు అద్దం, బయటికి ఉన్న చక్రాలు, పైకప్పు లేని కాక్‌పిట్ గాలిని చీల్చడానికి అనువైనవి కావు. కాబట్టి ఈ కార్లు వంపుల రోడ్ల మీద రాణిస్తాయి గానీ, హైవే మీద గరిష్ఠ వేగంలో ఆధునిక కార్లతో పోటీ పడలేవు.

డోనర్ కారు

పని మొదలయ్యేది పాత కారు వేటతో. విడిభాగాలు ఇచ్చే ఈ కారును డోనర్ అంటారు. ఇంజను ముందు ఉండి, శక్తి ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా వెనుక చక్రాలకు వెళ్లే కారయితేనే సెవెన్ ఆకృతికి నేరుగా సరిపోతుంది. మన అంబాసిడర్, కాంటెసా ఆ రకం కార్లే. ఛాంపియన్ ఎంచుకున్నది ఫోర్డ్ ఎస్కార్ట్ తొలి రెండు తరాల కారు. బ్రిటన్‌లో అవి లక్షల్లో అమ్ముడయ్యాయి. 1990లకల్లా బాడీ తుప్పు పట్టి, ఏటా జరిగే ఫిట్‌నెస్ పరీక్షలో తప్పి, తుక్కు దుకాణాలకు చేరుతున్నాయి. బాడీ పాడైనా లోపలి ఇంజను, గేర్‌బాక్స్, వెనుక ఇరుసు పనిచేసే స్థితిలోనే ఉండేవి. 250 పౌండ్ల లెక్క నిలబడింది ఈ తుక్కు కార్ల మీదే.

1980లో వచ్చిన మూడో తరం ఎస్కార్ట్ ముందు చక్రాలతో నడిచే కారు. దాంతో పనికొచ్చే పాత ఎస్కార్ట్‌ల సంఖ్య పెరిగే దారి మూసుకుపోయింది. మిగిలినవాటిని ర్యాలీ పోటీల అభిమానులు, పాత కార్లు సేకరించేవారు కొనడంతో వాటి ధర ఆకాశానికి ఎగబాకింది. ఈ పరిస్థితిలో 2007లో క్రిస్ గిబ్స్ రాసిన పుస్తకం ఫోర్డ్ సియెరాను డోనర్‌గా తీసుకుంది. ఆ పుస్తకం ప్రకారం కట్టే కారునే హేన్స్ రోడ్‌స్టర్ అంటారు. సియెరాలో వెనుక రెండు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్ ఉండటం అందులోని విశేషం. సియెరాలు కూడా అరుదయ్యాక, 1989లో వచ్చిన మజ్దా ఎంఎక్స్-5 వైపు చాలామంది మళ్లారు. దేనికి గిరాకీ లేదో చూసి దాన్నే డోనర్‌గా ఎంచుకోవడం ఈ రంగంలో మొదటి పాఠం.

చట్రం కట్టే తీరు

లోకాస్ట్‌లో ఇంట్లో పుట్టే ముఖ్య భాగం చట్రం. అంగుళం చదరపు ఉక్కు గొట్టం, 1.6 మిల్లీమీటర్ల మందం, ఇదే ప్రధాన ముడిసరుకు. ఇలాంటి గొట్టాలను మన ఊళ్లలో కిటికీ గ్రిల్లులు, గేట్లు చేసే షాపుల్లోనూ చూడవచ్చు. దాని కోతకు హాక్సా, గ్రైండర్ చాలు. నేర్పంతా అతకడంలో ఉంది.

నాలుగు గొట్టాలతో చేసిన చదరం ఒక మూల నెడితే పక్కకు ఒరుగుతుంది. పందిరి గుంజలు ఒరగకుండా ఐమూలగా కర్ర కొట్టినట్టు, ఆ చదరంలో ఒక ఐమూల గొట్టం వేస్తే రెండు త్రిభుజాలవుతాయి. త్రిభుజం దాని భుజం సాగితేనో కుంగితేనో తప్ప ఆకారం మారదు. ఈ సూత్రం మీద కట్టిన చట్రాన్ని స్పేస్ ఫ్రేమ్ అంటారు. ప్రతి గొట్టమూ లాగుడు బలాన్నో నొక్కుడు బలాన్నో మోస్తుంది కాబట్టి తక్కువ ఉక్కుతో ఎక్కువ గట్టిదనం వస్తుంది. మలుపులో కారు మెలి తిరగకుండా ఉంటేనే సస్పెన్షన్ తన పని తాను చేయగలదు. అనుభవం లేనివారు స్థలం చాలడం లేదని ఒక ఐమూల గొట్టం తీసేస్తే చట్రం బలం ఆ చోట దెబ్బతింటుంది.

పనికి ముందు ప్లైవుడ్ లేదా మందపాటి చెక్క బల్ల సిద్ధం చేసి, రసమట్టంతో దాని మట్టం చూస్తారు. బల్ల మీద చట్రం అడుగు భాగాన్ని పూర్తి కొలతతో గీసి, గీతల వెంట చెక్క ముక్కలు బిగించి, వాటి మధ్య గొట్టాలను ఇముడుస్తారు. మూలమట్టంతో కోణాలు చూసి, రెండు ఐమూలల పొడవు టేపుతో కొలుస్తారు. ఆ రెండు కొలతలూ సమానమైతేనే చట్రం సరిగ్గా ఉన్నట్టు.

తర్వాత వచ్చేది వెల్డింగ్. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోయి గొట్టాన్ని తన వైపు లాగుతుంది. ఒక మూల పూర్తిగా వెల్డ్ చేసి తర్వాతి మూలకు పోతే, నాలుగో మూలకు చేరేసరికి చట్రం మెలి తిరిగి బల్ల మీద ఆనకుండా లేస్తుంది. అందుకే మొదట అన్ని కీళ్లకూ చిన్న టాకాలు మాత్రమే వేస్తారు. కొలతలు మళ్లీ సరిచూస్తారు. తేడా ఉంటే ఆకురాయితోనో గ్రైండర్‌తోనో టాకా తీసి సరిచేయడం ఈ దశలో తేలిక. అన్నీ కుదిరాక ఒక కీలు ఇటు, దానికి ఎదురు కీలు అటు, కొంచెం కొంచెంగా వెల్డింగ్ పూర్తి చేస్తారు. ఇంట్లో పనికి మిగ్ వెల్డింగ్ యంత్రాన్ని ఎక్కువగా వాడతారు. పైకి నున్నగా కనిపించే వెల్డింగ్ లోపలికి దిగకపోతే అది అతుకే కాదు. నేర్చుకునేవారు ఇలాంటి గొట్టం ముక్కలనే అతికి, మధ్యకు కోసి, లోహం లోపలి దాకా కరిగిందో లేదో చూసుకుంటారు. ఆ నమ్మకం కలగనివారు టాకాల వరకు తాము వేసి, తుది వెల్డింగ్ వృత్తి పనివాడికి అప్పగించడం మంచిది.

చక్రాలు, స్టీరింగ్, బ్రేకులు

ముందు చక్రాలకు డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ వాడతారు. పైన ఒకటి, కింద ఒకటి త్రిభుజాకారపు చేతులు ఉండి చక్రాన్ని పట్టుకుంటాయి. ఈ చేతులను కూడా ఇంట్లోనే గొట్టంతో చేస్తారు. ఎడమ, కుడి చేతుల కొలతలో తేడా రాకుండా రెండింటినీ ఒకే అచ్చులో అతుకుతారు. ఎస్కార్ట్ ముందు సస్పెన్షన్ వేరే రకం కావడంతో చక్రం బిగించే భాగాన్ని ఫోర్డ్ కోర్టినా నుంచి తీసుకుంటారు. వెనుక ఎస్కార్ట్ ఇరుసునే వాడతారు. కానీ దాని కమాన్ పట్టీలు తీసేసి, ముందుకూ వెనక్కీ కదలకుండా నాలుగు కడ్డీలు, పక్కకు జరగకుండా పాన్‌హార్డ్ రాడ్ అనే మరో కడ్డీ, కాయిల్ స్ప్రింగులు బిగిస్తారు.

బ్రేకుల విషయంలో ఒక చిక్కు ఉంది. డోనర్ కారు బ్రేకులు ఇంతకంటే చాలా ఎక్కువ బరువుకు తగ్గట్టు చేసినవి. వాటి బలానికి లోటుండదు. అయితే బరువు పంపకం మారడంతో ముందు, వెనుక బ్రేకుల మధ్య సమతూకం తప్పవచ్చు. వెనుక చక్రాలు ముందుగా పట్టేస్తే కారు గిర్రున తిరుగుతుంది. ముందు చక్రాలే ముందు పట్టేలా సర్దడం తప్పనిసరి. ఒక పైపు పగిలినా రెండోది పనిచేసేలా బ్రేకు ద్రవానికి రెండు వేరువేరు మార్గాలు ఉండాలి. చవకగా కట్టే కారులోనూ బ్రేకు పైపులు, సీళ్లు, ప్యాడ్లు, టైర్లు, స్టీరింగ్ బాల్ జాయింట్లు, సీటు బెల్టులు కొత్తవే వేయాలి. పాత ఇనుముతో సరిపెట్టుకోకూడని పట్టిక ఇదే.

ఇంజను, బాడీ

ఎస్కార్ట్ క్రాస్‌ఫ్లో ఇంజనుకు బ్రిటన్‌లో మంచి పేరుంది. నిర్మాణం సులువు, భాగాలు దొరుకుతాయి, పానాల పెట్టె ఉంటే ఇంట్లోనే విప్పి బిగించవచ్చు. లోకాస్ట్ చట్రం నేలకు బాగా దగ్గరగా ఉండటంతో ఇంజను కింది ఆయిల్ సంపును కోసి లోతు తగ్గిస్తారు. గేర్‌బాక్స్‌కూ వెనుక ఇరుసుకూ దూరం తగ్గుతుంది కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్‌నూ పొట్టి చేయాలి. నిమిషానికి వేలసార్లు తిరిగే ఈ షాఫ్ట్ తూకం తప్పితే కారంతా వణుకుతుంది. ఆ పని మాత్రం బ్యాలెన్సింగ్ యంత్రం ఉన్న వర్క్‌షాప్‌లోనే చేయించాలి. కొందరు కారు ఇంజను బదులు పెద్ద మోటారు సైకిల్ ఇంజను వాడతారు. అది తేలిక, చురుకు కూడా. కానీ బైకుకు సాధారణంగా రివర్స్ గేరు ఉండదు కాబట్టి దానికి వేరే ఏర్పాటు చేసుకోవాలి.

బాడీ పని చూడటానికి కష్టంగా అనిపించినా నిజానికి తేలికైనదే. సెవెన్ ఆకృతిలో చాలా భాగం చదునైన పలకలే. అట్టముక్క మీద ఆకారం కత్తిరించి చూసుకుని, అదే కొలతకు అల్యూమినియం రేకు కోసి, జిగురు పూసి చట్రానికి రివెట్లు కొడతారు. ఉక్కు, అల్యూమినియం నేరుగా తగిలి తేమ చేరితే అల్యూమినియం క్షయిస్తుంది. కాబట్టి చట్రానికి ముందే రంగు వేసి, మధ్యలో జిగురు పొర ఉంచుతారు. గుండ్రటి వంపులున్న ముందు ముక్కు, మడ్‌గార్డులు ఫైబర్‌గ్లాస్‌తో చేసినవి కొనుక్కుంటారు. డోనర్ కారు వైరింగ్‌లో తలుపులు, వెనుక అద్దం వంటివాటికి పోయే తీగలు తీసేసి, మిగిలినదాన్ని కొత్త కారుకు కుదించుకుంటారు.

ఖర్చు లెక్క

250 పౌండ్లు అన్నది 1996 నాటి బ్రిటన్‌లో, తుక్కు ధరకు కారు దొరికి, కొనగలిగే ప్రతి భాగాన్నీ చేత్తో చేసుకునేవారికి సాధ్యమైన అంకె. డోనర్ కారులో అక్కర్లేని తలుపులు, అద్దాలు, సీట్లు అమ్ముకుంటే కొంత డబ్బు తిరిగి వచ్చేది. ఇప్పుడు అదే పనికి వేల పౌండ్లు అవుతాయి. విష్‌బోన్‌లు, షాక్ అబ్జార్బర్లు, పెట్రోలు ట్యాంకు సిద్ధంగా కొనేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. కట్టేవారు మొదట్లో మరిచిపోయే ఖర్చులు మరికొన్ని ఉంటాయి. వెల్డింగ్ యంత్రం, పనిముట్లు, నట్లు, బోల్టులు, రంగు, పరీక్ష రుసుములు విడివిడిగా చిన్నవే, కలిపి చూస్తే పెద్ద మొత్తం.

డబ్బు తగ్గిన చోట కాలం పెరుగుతుంది. వందల గంటల పని ఇది. వారాంతాల్లో మాత్రమే తీరిక దొరికేవారికి ఏడాది, రెండేళ్లు పట్టడం మామూలే. సగంలో ఆగిపోయి షెడ్డులో దుమ్ము పట్టే చట్రాలూ తక్కువేమీ కాదు.

చట్టం ఏమంటోంది

బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన కారును రోడ్డెక్కించడానికి చట్టబద్ధమైన దారి ఉంది. 1998లో ఇలాంటి కార్లకు సింగిల్ వెహికల్ అప్రూవల్ అనే ప్రత్యేక పరీక్ష పెట్టారు. 2009లో దాని స్థానంలో మరింత కఠినమైన ఇండివిడ్యువల్ వెహికల్ అప్రూవల్ వచ్చింది. బ్రేకులు, లైట్లు, పొగ, శబ్దం, స్పీడోమీటరు, సీటు బెల్టు బిగించిన చోట్ల బలం అన్నీ చూస్తారు. పాదచారికి తగిలే అవకాశం ఉన్న అంచుల మీద కూడా నిఘా ఉంటుంది. 100 మిల్లీమీటర్ల గోళాన్ని కారు బయటి భాగం మీద దొర్లిస్తే అది తాకే ప్రతి అంచూ కనీసం 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా ఉండాలి. బయటికి పొడుచుకొచ్చిన చిన్న బోల్టు వల్ల పరీక్ష తప్పినా ఆశ్చర్యం లేదు. అందుకే కట్టేవారు బోల్టులకు ప్లాస్టిక్ టోపీలు, రేకు అంచులకు రబ్బరు పట్టీలు వేస్తారు. పాత భాగాలు కలిసి వయసు తేల్చలేని కార్లకు క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు.

అమెరికాలో రిజిస్ట్రేషన్ నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. అక్కడి తెలుగువారిలో ఈ సరదా ఉన్నవారు పని మొదలుపెట్టకముందే తమ రాష్ట్ర నిబంధనలు చూసుకోవాలి. ఆ దేశంలో కిట్ల పరిశ్రమ కూడా పెద్దదే. 1995లో మొదలైన ఫ్యాక్టరీ ఫైవ్ రేసింగ్ సంస్థ ఫోర్డ్ మస్టాంగ్ వంటి కార్ల భాగాలు వాడుకునే కిట్లతో పేరు తెచ్చుకుంది.

భారతదేశంలో పరిస్థితి వేరు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 126వ నియమం ప్రకారం వాహనం నమూనాను పుణెలోని ఏఆర్ఏఐ వంటి గుర్తింపు పొందిన సంస్థ పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలి. ఒక్క కారు కట్టుకునే వ్యక్తికి ఆ ఖర్చు, ఆ ప్రక్రియ అందుబాటులో ఉండవు. ఉన్న కారునే మార్చుకుందామన్నా మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ అడ్డొస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అంటే ఇక్కడ లోకాస్ట్ కట్టినా దాన్ని ప్రైవేటు స్థలంలోనో రేస్ ట్రాక్ మీదో నడపాల్సిందే.

ట్రాక్ మీద ఈ కార్లకు బ్రిటన్‌లో మంచి ఆదరణ ఉంది. 1939లో పుట్టిన 750 మోటార్ క్లబ్ లోకాస్ట్‌లకు ప్రత్యేకంగా పోటీలు పెట్టింది. అందరూ ఫోర్డ్ 1300 సీసీ క్రాస్‌ఫ్లో ఇంజనే వాడాలన్న నిబంధన ఉండటంతో డబ్బున్నవాడికి అదనపు బలం దక్కలేదు. తక్కువ ఖర్చుతో రేసింగ్‌లోకి వచ్చేవారికి అది మొదటి మెట్టయింది.

ఎవరు పూనుకోవాలి

ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ లేని, ఢీకొంటే ఆదుకునే బాడీ లేని కారిది. కట్టినవారి చేతిపని ఎంత గట్టిదో నడిపేవారి భద్రత అంతే. అందువల్ల చవక అన్న ఒక్క కారణంతో దీనికి పూనుకోవడం తెలివైన పని కాదు. అంతకంటే తక్కువ శ్రమతో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు దొరకవచ్చు. స్టీరింగ్ తిప్పితే చక్రం ఎందుకు తిరుగుతుందో, స్ప్రింగు మారిస్తే నడక ఎందుకు మారుతుందో చేత్తో చేసి తెలుసుకోవాలన్న కోరిక ఉన్నవారికే ఈ దారి.

ఆ కోరిక ఉన్న తెలుగు విద్యార్థులకు మన దేశంలోనూ చట్టబద్ధమైన వేదికలు ఉన్నాయి. ఎస్ఏఈ ఇండియా నిర్వహించే బాహా, సుప్రా పోటీలు, కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ అలాంటివే. ఇంజనీరింగ్ విద్యార్థులు గొట్టపు చట్రం నుంచి బ్రేకుల దాకా తామే రూపొందించి పోటీకి తెస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలేజీల జట్లూ వీటిలో పాల్గొంటున్నాయి. ఆసక్తి ఉన్నవారు ముందు వెల్డింగ్, కొలతలు నేర్చుకుని, ఆ తర్వాత ఇలాంటి జట్టులో చేరాలి. ఎంత బాగా కుదిరినా, రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని ఊరి రోడ్డు మీదికి మాత్రం తీసుకురాకూడదు.